వెనుక కూర్చున్నవారి క్షేమము: మోటారుసైకిలు నడుపువారికొక పాఠము

ద్విచక్ర మోటారువాహనము నేడు సామాన్య కుటుంబమునకు నిత్యావసర వస్తువైనది. ఉద్యోగికి కార్యాలయమునకు పోవు సాధనము అదియే. బిడ్డకు బడి బండియు, చిల్లర వర్తకునకు సరకుల బండియు అదియే. ఒక్కొక్కపుడు రోగిని ఆసుపత్రికి చేర్చు వాహనమును అదియే. దానిపై ఒంటరిగ పోవువారికంటె, వెనుక మఱియొకరిని కూర్చుండబెట్టుకొని పోవువారి బాధ్యత పెద్దది. ఏలయన, పిడియు, బ్రేకును, వేగమును నడుపువారి చేతిలో నున్నవి. వెనుక కూర్చున్నవారి చేతిలో ఏమియు లేదు. ఎదుట ఏమి వచ్చుచున్నదో కూడ వారికి సరిగ కనబడదు. వారు తమ ప్రాణమును నడుపువారికి అప్పగించి కూర్చుందురు. ఆ అప్పగింతను ఎట్లు కాపాడవలెనో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

ఒక ఉదాహరణమును తీసికొందము. యానామునుండి భార్యాభర్తలిరువురు వైద్యపరీక్షకై పుదుచ్చేరికి వచ్చిరనుకొనుడు. రెండు దినములు ఊరిలో తిరుగవలసిన పనులుండుటచే వారొక స్కూటరును అద్దెకు తీసికొనిరి. దుకాణమువాడు బండితోపాటు ఒకే హెల్మెటు ఇచ్చెను. భర్త దానిని తలకు పెట్టుకొనెను.

"మఱి నాకేదండీ?" అని భార్య అడిగెను.

"వెనుక కూర్చుండుదానవు, నీకెందుకు? నాలుగు కిలోమీటర్ల దారియే గదా!" అని భర్త బదులు చెప్పెను.

ఆ భర్త చెడ్డవాడు కాడు; భార్యను వైద్యునికి చూపుటకే అంత దూరము వచ్చినవాడు. అయినను అతని మాటలలో రెండు పొరపాట్లున్నవి. వెనుక కూర్చున్నవారికి అపాయము తక్కువ అనునది మొదటిది. దారి దగ్గరైనచో భయము లేదు అనునది రెండవది. ఈ రెండును ఎందుకు పొరపాట్లో క్రమముగ తెలిసికొందము.

1. పట్టణము, వీధులు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాము అని నాలుగు భాగములు కలవు. మొదటి రెండు తమిళనాటి తీరమునను, మాహే కేరళ తీరమునను, యానాము గోదావరి పాయ యొడ్డున ఆంధ్రదేశము నడుమను ఉన్నవి. ఇవి 1954లో ఫ్రెంచి పాలననుండి విడివడి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమున చేరెను. బండ్ల నంబరు పలకలపై కూడ ఈ బంధుత్వము కానవచ్చును. పి.వై. 01 పుదుచ్చేరి గుర్తు, పి.వై. 04 యానాము గుర్తు. ప్రభుత్వ కార్యములకును, జిప్‌మర్ ఆసుపత్రిలో చికిత్సకును యానాము తెలుగువారు పుదుచ్చేరికి వచ్చుట సాధారణము. కావున ఈ పట్టణపు దారుల సంగతి తెలుగు పాఠకులకును అక్కఱకు వచ్చునదే.

పాత పట్టణము కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. ఉత్తరమున సర్దార్ పటేల్ సాలై, పడమట అన్నా సాలై, దక్షిణమున సుబ్బయ్య సాలై, తూర్పున సముద్రపుటొడ్డు దారి దానికి హద్దులు. లోపలి వీధులు చదరంగపు గడులవలె ఒకదానినొకటి అడ్డముగ ఖండించుకొనుచు సాగును. ఇట్టి అమరిక కంటికి ఇంపైనదే కాని, వాహనము నడుపువారికి కొంత పరీక్ష. కొలది గజములకొక కూడలి వచ్చును. ఇంటి గోడలు వీధి అంచువఱకు ఉండుటచే ప్రక్కవీధినుండి వచ్చు బండి చివరి క్షణమువఱకు కనబడదు. పలు వీధులు ఏకదిశా మార్గములు. నెహ్రూ వీధి, మహాత్మాగాంధి రోడ్డు వంటి బజారు వీధులలో నిలిపిన బండ్లచేత దారి సగమగును. ఊరి వెలుపలి పెద్ద రోడ్లపైనను, ఇందిరాగాంధి కూడలి, రాజీవ్‌గాంధి కూడలివంటి చోట్లను బస్సులును లారీలును వేగముగ పోవుచుండును. సెలవు దినములలో యాత్రికులు వేలకొలది వత్తురు. నల్లని పలకపై పసుపుపచ్చని అక్షరములు గల అద్దె స్కూటర్లపై ఊరు తెలియనివారు తిరుగుచుందురు. ఇట్టి పట్టణమున "దగ్గరి దారి" అనగా తక్కువ కూడళ్ళు గల దారి కాదు. నాలుగు కిలోమీటర్లలో పదుల కూడళ్ళను దాటవలసియుండును. కావున దూరము తగ్గినంత మాత్రమున అపాయము తగ్గిపోదు.

2. వెనుక మనిషి కూర్చున్నపుడు బండి నడక ఎట్లు మారును?

సాధారణమైన స్కూటరు బరువు సుమారు 110 కిలోలు. నడుపువారి బరువు 70 కిలోలనుకొన్నచో మొత్తము 180 కిలోలు. దానిపై 60 కిలోల మనిషి వెనుక కూర్చున్నచో బరువు మూడవవంతు పెరుగును. బ్రేకులు ఆపవలసిన శక్తియు అంతే పెరుగును. పైగా ఆ బరువులో చాలభాగము వెనుక చక్రముపై పడును. ముందు చక్రము తేలికపడి, పిడి త్రిప్పినపుడు బండి అలవాటైన రీతిగ లొంగదు. గట్టిగ బ్రేకు వేసినపుడు వెనుకవారు ముందునకు జారి, తమ బరువులో సగమువఱకు బలముతో నడుపువారి వీపును నెట్టుదురు. నడుపువారు ఆ నెట్టును చేతులతో ఆపుకొనుచు, ఆ చేతులతోనే బండిని అదుపు చేయవలెను.

అపాయమును చూచిన పిదప చేయి బ్రేకుపై పడుటకు సుమారు ఒక క్షణము, అనగా ఒక సెకండు, పట్టును. ఆ సెకండులో బండి పూర్తి వేగముతో పోవుచునే యుండును. ఎండిన రోడ్డుపై, మంచి బ్రేకులున్న బండి ఆగుటకు పట్టు మొత్తము దూరము సుమారుగ ఇట్లుండును:

గంటకు 20 కిలోమీటర్ల వేగమున 9 మీటర్లు.
గంటకు 40 కిలోమీటర్ల వేగమున 23 మీటర్లు.
గంటకు 60 కిలోమీటర్ల వేగమున 44 మీటర్లు.

వేగము రెండింతలైనచో, బ్రేకు పట్టిన పిదప జారు దూరము నాలుగింతలగునని గమనింపుడు. వాన కురిసినపుడును, రోడ్డుపై ఇసుక యున్నపుడును ఈ దూరములు ఇంకను పెరుగును. సముద్రతీర పట్టణమున మలుపులయందు ఇసుక పేరుకొనుట సహజము.

కావున వెనుక మనిషిని ఎక్కించుకొనుటకు ముందు మూడు పనులు చేయవలెను. మొదటిది: టైర్లలోని గాలిని చూచుకొనవలెను. ఇద్దఱు ఎక్కినపుడు వెనుక టైరున గాలి ఎక్కువ యుండవలెను. ఎంత యుండవలెనో బండితో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. రెండవది: ముందు, వెనుక బ్రేకులు రెండును పట్టుచున్నవో లేదో పరీక్షింపవలెను. ఆపునపుడు రెండింటిని కలిపి, మెల్లగ ఆరంభించి గట్టిగ నొక్కవలెను. 2019 ఏప్రిలునుండి అమ్మబడు చిన్న బండ్లలో రెండు చక్రముల బ్రేకులు కలిసి పనిచేయు ఏర్పాటును, 125 సి.సి.కి పైబడిన వానిలో చక్రము జారకుండ బ్రేకు పట్టు ఏర్పాటును తప్పనిసరి చేయబడినవి. అట్టి ఏర్పాటున్నను ముందరి బండికి తగినంత దూరము విడువక తప్పదు. మూడవది: వెనుక కనబడు అద్దములను సరిచేసికొనవలెను, వెనుక మనిషి కూర్చున్నపుడు బండి వెనుకభాగము క్రుంగి, అద్దములలో కనబడు దృశ్యము మారును.

3. తల, మెదడు, హెల్మెటు

మనిషి మెదడు సుమారు 1,300 నుండి 1,400 గ్రాముల బరువు గల మెత్తని పదార్థము. అది పుఱ్ఱెలో ఒక ద్రవమునందు తేలుచుండును. వేగముగ పోవు తల రోడ్డుకు తగిలి తటాలున ఆగినపుడు, పుఱ్ఱె ఆగినను మెదడు ఆగదు. అది పుఱ్ఱె లోపలి గోడకు కొట్టుకొనును. సన్నని రక్తనాళములు తెగును. పుఱ్ఱె లోపల రక్తము చేరి మెదడును నొక్కును. పైకి గాయము కనబడకున్నను ప్రాణము పోవుటకు ఇదియే కారణము.

గంటకు 20 కిలోమీటర్ల వేగమున తగులు దెబ్బ మనిషి నిలువంత ఎత్తునుండి పడిన దెబ్బకు సమానము. 40 కిలోమీటర్ల వేగమున అది ఆఱు మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపైనుండి పడినట్లు. 60 కిలోమీటర్ల వేగమున 14 మీటర్ల ఎత్తునుండి పడినట్లు. ఈ లెక్కలో ముందు కూర్చున్న తలకును వెనుక కూర్చున్న తలకును భేదము లేదు. పైగా వెనుకవారికి పట్టుకొనుటకు గట్టి పిడి లేదు. దెబ్బ వచ్చునని ముందుగ తెలియదు. కావుననే వెనుక కూర్చున్నవారికి అపాయము తక్కువ అనుమాట నిలువదు.

హెల్మెటు పైపెంకు గట్టిది. లోపల తేలికైన నురుగుపొర యుండును. దెబ్బ తగిలినపుడు ఆ పొర నలిగి, తల ఆగుటకు కొంత దూరమును, కొంత వ్యవధిని ఇచ్చును. ఆ వ్యవధి కన్నుమూసి తెఱచునంత కూడ ఉండదు. అయినను మెదడును కాపాడునది అదియే. పలు దేశముల పరిశోధనలను కలిపి చూడగా, హెల్మెటు ధరించుటవలన మరణభయము సుమారు 42 శాతము, తల గాయముల భయము సుమారు 69 శాతము తగ్గునని తేలినది.

ఈ జ్ఞానమునకు ఒక చరిత్ర కలదు. 1935 మే నెలలో ఇంగ్లండున టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధ పురుషుడు మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్ళపై పోవు ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. తలకు ఏమియు ధరింపని అతడు ఆఱు దినములకు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ మరణము అతని మనస్సున నాటుకొనెను. తరువాతి సంవత్సరములలో సైనిక మోటారుసైకిలు వార్తాహరుల తల గాయములను పరిశీలించి 1941లో అతడు తన వ్యాసమును ప్రకటించెను. అందువలన బ్రిటిషు సైన్యమున హెల్మెటు తప్పనిసరి అయ్యెను. ఒక ప్రాణము పోయినపుడు దుఃఖించి ఊరకుండక, కారణమును వెదకినందున తరువాత ఎన్నియో ప్రాణములు నిలిచినవి.

హెల్మెటు కొనునపుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూడవలెను. 2021 జూన్ 1 నుండి ఆ ముద్ర లేని హెల్మెట్ల అమ్మకము నిషేధింపబడినది. అది తలకు బిగువుగ సరిపోవలెను. తల ఊపినపుడు కదలరాదు. గడ్డము క్రింది పట్టీని రెండు వ్రేళ్ళు మాత్రము దూరునట్లు బిగింపవలెను. పట్టీ బిగింపని హెల్మెటు పడిన తోడనే ఎగిరిపోవును. అది లేనిదానితో సమానము. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెటును, పైకి బాగున్నను, మఱల వాడరాదు. లోపలి నురుగు ఒకసారి నలిగినచో తిరిగి కోలుకొనదు.

4. చట్టము ఏమి చెప్పుచున్నది?

1988 నాటి మోటారువాహనముల చట్టము 128వ సెక్షను ప్రకారము, ద్విచక్ర మోటారువాహనముపై నడుపువారు గాక ఒక్కరు మాత్రమే ఉండవలెను. ఆ ఒక్కరును నడుపువారి పీటకు వెనుక, గట్టిగ అమర్చిన పీటపై కూర్చుండవలెను. 129వ సెక్షను ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును, నడుపుచున్నను వెనుక కూర్చున్నను, హెల్మెటు ధరింపవలెను. తలపాగ ధరించు సిక్కులకు మాత్రము ఇందు మినహాయింపు కలదు. 2019 నాటి సవరణమునుబట్టి ఈ రెండింటిలో దేనిని మీఱినను వేయి రూపాయల జరిమానాయు, మూడు నెలలు లైసెన్సునకు అనర్హతయు కలుగును.

మద్యము త్రాగి నడుపుట గొప్ప నేరము. పదునెనిమిదేండ్లు నిండనివారికి గేర్లుగల మోటారుసైకిలు ఇచ్చినచో ఆ నేరము తల్లిదండ్రులపైనను, బండి యజమానిపైనను పడును. వెనుక కూర్చున్నవారి భీమా సంగతియు తెలిసికొనవలెను. చట్టము కోరు కనీసపు భీమా పత్రము వెనుక కూర్చున్నవారి గాయములకు వర్తింపకపోవచ్చును. సమగ్ర భీమా పత్రమును తీసికొనుట మేలు. అద్దె బండి తీసికొనువారు ఆ పత్రమును అడిగి చూడవలెను.

పుదుచ్చేరిలో హెల్మెటు నియమము సులభముగ నెలకొనలేదు. 2019 ఫిబ్రవరి 11 నుండి దానిని కచ్చితముగ అమలుపఱుప బూనినపుడు, మొదట ప్రజలకు బోధించి క్రమముగ తేవలెనా, లేక వెంటనే అమలు జరుపవలెనా అని పరిపాలకుల నడుమనే వివాదము చెలరేగెను. తిరిగి 2025 జనవరిలో ఈ నియమమును గట్టిగ అమలుచేయ నారంభించిరి. ఎండ యెక్కువ, ఉక్క యెక్కువ, దారి తక్కువ అని జనులు చెప్పు సాకులు మనకు తెలియనివి కావు. ఉక్క నిజమే. కాని ఎఱ్ఱటోపీ పోలీసు నిలిచిన కూడలిలో ధరించి, అతడు లేని వీధిలో తీసి చేతికి తగిలించుకొన్నచో రోడ్డు మెత్తబడదు. జరిమానా పోలీసువానికి సంబంధించినది, తల మనది.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై నున్నవారు. హెల్మెటు లేక మరణించినవారు 50,029 మంది. అందు వెనుక కూర్చున్నవారే 14,337 మంది. "వెనుక కూర్చుండుదానవు, నీకెందుకు?" అను ప్రశ్నకు ఈ అంకెయే సమాధానము.

5. కూర్చుండు విధానము

వెనుక కూర్చుండువారు బండి పూర్తిగ ఆగిన పిదప, నడుపువారు రెండు పాదములు నేలపై మోపి "ఎక్కుడు" అన్న తరువాతనే, ఎడమప్రక్కనుండి ఎక్కవలెను. దిగునపుడును అంతే. కాళ్ళను ఇరువైపుల వేసికొని, పాదములను మెట్లపై నుంచి, నడుపువారి నడుమునో వెనుకనున్న పిడినో పట్టుకొని కూర్చుండుట అన్నింటికంటె క్షేమము. మలుపులో బండి వంగిన వైపునకే తామును వంగవలెను. భయపడి ఎదురు దిక్కునకు వంగినచో బండి అదుపు తప్పును. కూడలిలో ఆగినపుడు పాదమును నేలపై మోపుట నడుపువారి పని. వెనుకవారు పాదములు తీయరాదు.

మన స్త్రీలలో చీర కట్టుకొని ఒకే ప్రక్కకు కూర్చుండు వాడుక కలదు. ఇందు బరువంతయు ఒక ప్రక్కకు ఒఱగును, పట్టు తక్కువగును, గుంతలో చక్రము పడినపుడు జారిపడుట సులభము. సాధ్యమైనంతవఱకు దీనిని మానవలెను. తప్పనిసరియైనచో పాదములు రెండును పాదపీఠముపై మోపి, ఒక చేతితో వెనుక పిడిని విడువక పట్టుకొనవలెను. రెండవ చేతిలో సంచియో, ఫోనో పెట్టుకొనరాదు. అట్టి మనిషిని ఎక్కించుకొన్నవారు ఇంకను మెల్లగ నడుపవలెను.

చీరకొంగు, చున్నీ, కండువా చక్రమునకు చుట్టుకొని మెడకు ఉరిపడుట, మనిషి క్రిందపడుట జరుగుచున్నవి. ఎక్కకముందే కొంగును నడుమున దోపుకొనవలెను, చున్నీని ముడివేసికొనవలెను. వెనుక చక్రమున కనీసము సగము కప్పునట్టి రక్షణ, పట్టుకొనుటకు పిడి, పాదములకు మెట్లు బండికి ఉండితీరవలెనని కేంద్ర మోటారువాహనముల నియమములలో 123వది చెప్పుచున్నది. చూచుటకు బాగుండదని ఈ చక్రపు కప్పును తీసివేయువారు కలరు. అందము కొఱకు చేసిన ఆ పని ఒక ఆడుబిడ్డ ప్రాణమునకు ముప్పు తేగలదు.

పొగగొట్టము కాలిన ఇనుమువలె వేడియై యుండును. దిగునపుడు పిక్క తగిలి కాలినచో, ఆ చోటును చల్లని పాఱు నీటిక్రింద ఇరువది నిమిషములుంచవలెను. పళ్ళపొడి ముద్ద, సిరా, వెన్న పూయరాదు, బొబ్బలను చిదుపరాదు.

6. బిడ్డలు

తండ్రి నడుపుచుండ, ముందు ఒక బిడ్డ నిలిచియుండి, నడుమ మఱియొక బిడ్డ, వెనుక చంటిబిడ్డతో తల్లి కూర్చున్న దృశ్యము మన వీధులలో నిత్యము కనబడును. అది ప్రేమతోనే జరుగుచున్నది. కాని ప్రేమ బ్రేకు పని చేయదు. ముందు నిలిచిన బిడ్డ గట్టిగ బ్రేకు వేసినపుడు మొగము పిడికి కొట్టుకొనును. బిడ్డకును పిడికిని నడుమ తండ్రి చేతులు సరిగ ఆడవు. గుద్దుకొన్నపుడు తండ్రి బరువంతయు బిడ్డపైననే పడును.

నాలుగేండ్లకు లోబడిన బిడ్డలను గుఱించి కేంద్రప్రభుత్వము 2022 ఫిబ్రవరి 15న ఒక నియమమును ప్రకటించెను; అది ఒక సంవత్సరము తరువాత అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము నాలుగేండ్లకు లోబడిన బిడ్డను నడుపువారికి పట్టీలతో బంధింపవలెను. ఈ పట్టీల చొక్కాను బిడ్డకు తొడిగి, దాని ఉచ్చులను నడుపువారు తమ భుజములకు తగిలించుకొందురు. అది ముప్పది కిలోల బరువునకు ఓర్వవలెను. తొమ్మిది నెలలనుండి నాలుగేండ్లవఱకు గల బిడ్డకు తన తలకు సరిపోవు హెల్మెటో, సైకిలు హెల్మెటో పెట్టవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఈ హెల్మెటు నియమము తొమ్మిది నెలలు నిండని పసికందునకు వర్తింపదు. కావున అట్టి శిశువును ద్విచక్రవాహనముపై తీసికొనిపోకుండుటయే మేలు. బస్సో, ఆటోయో ఆశ్రయింపవలెను. నాలుగేండ్లు దాటిన బిడ్డ చట్టము దృష్టిలో ఒక మనిషియే.

7. గర్భవతులు, వృద్ధులు, రోగులు

గర్భవతికి గుంతల దారిలో ఈ ప్రయాణము శ్రమకరము. పడినచో ఇరువురి ప్రాణములకు అపాయము. నెలలు నిండుకొలది సమతూకము తప్పుట సులభము. వైద్యుని సలహా లేక ఇట్టి ప్రయాణము చేయరాదు. కండ్లు తిరుగువారు, మూర్ఛవ్యాధి గలవారు, పట్టు సడలిన వృద్ధులు వెనుక పిడిని పట్టుకొని నిలువలేరు. జ్వరముతో మగతగ నున్న రోగిని ఇద్దఱి నడుమ ఇరికించి తీసికొనిపోవుట రోగికి మేలు చేయదు. ముగ్గురిని అపాయమున పడవేయును. అట్టివారికి 108 నంబరు వాహనమును పిలువవలెను.

8. వీధిలో పాటింపవలసినవి

ప్రతి కూడలికి ముందు వేగము తగ్గించి, కుడి యెడమలు చూచి, పిదప సాగవలెను. తిరుగునపుడు ముందుగ దీపపు సంజ్ఞ ఇచ్చి, అద్దమున చూచి తిరుగవలెను. ఏకదిశా వీధిలో "నాలుగడుగులే గదా" అని ఎదురు పోరాదు. ఆ వీధిలో నడచువారు ఆ దిక్కున చూడరు. నిలిపిన కారు ప్రక్కగ పోవునపుడు దాని తలుపు తెఱచునంత ఎడము విడువవలెను. బస్సునకు ఎడమప్రక్కగ దూరరాదు. ఎక్కువారు, దిగువారు అచట నుందురు. సముద్రపుటొడ్డు దారిని సాయంకాలమునుండి మఱునాటి ఉదయమువఱకు వాహనములకు మూసివేయుదురు. ఆ వేళ అది పాదచారుల సొత్తు.

అక్టోబరునుండి డిసెంబరువఱకు ఈశాన్య ఋతుపవనము ఈ తీరమున భారీ వర్షములు కురిపించును. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపమున తీరము దాటినపుడు వీధులు నీట మునిగెను. నిలిచిన నీటి క్రింద గుంత యున్నదో, మూతలేని కాలువ యున్నదో తెలియదు. వెనుక మనిషి యున్నపుడు అట్టి నీటిలోనికి బండిని దింపరాదు. వెనుకవారు గొడుగు తెఱచి పట్టుకొనరాదు. గాలికి అది తెరచాపయై బండిని లాగివేయును.

నడుపుచు ఫోనులో మాటలాడరాదు. వెనుకవారికిని ఇందొక బాధ్యత కలదు. నడుపువారు వేగము పెంచినచో, "మెల్లగ పొండు" అని చెప్పుటకు మొగమాటపడరాదు. వినకున్నచో దిగుటకును సంకోచింపరాదు.

9. ప్రమాదము జరిగినపుడు

మొదట వచ్చుపోవు బండ్లను ఆపించి, 108కో 112కో ఫోను చేయవలెను. పడినవారిని లాగి లేవనెత్తరాదు. మెడయెముకకు దెబ్బ తగిలియుండవచ్చును. స్పృహ యుండి ఊపిరి బాగున్నచో హెల్మెటును తీయక అట్లే ఉంచవలెను. ఊపిరి అందనపుడు మాత్రము ఇద్దఱు కలిసి, ఒకరు తలను మెడను కదలకుండ పట్టుకొనగ, మఱియొకరు మెల్లగ తీయవలెను. రక్తము కాఱుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగ నొక్కి పట్టవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును.

తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి కూర్చుండి, "నాకేమియు లేదు" అని చెప్పవచ్చును. కొన్ని గంటల తరువాత మెదడున రక్తము గూడి స్పృహ తప్పవచ్చును. వాంతులు, పెరుగు తలనొప్పి, అతినిద్ర, మాట తడబడుట, ఒక కంటిపాప మఱియొకదానికంటె పెద్దదగుట, ముక్కునుండిగాని చెవినుండిగాని నీరో రక్తమో కాఱుట—వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

"సాయము చేసినచో మనమే చిక్కుకొందుము" అను భయము పాతది. సద్బుద్ధితో గాయపడినవారికి తోడ్పడినవారిపై కేసు లేకుండ 2019 సవరణములోని 134-ఎ సెక్షను రక్షించుచున్నది. పేరు చెప్పుమని వారిని నిర్బంధింపరాదు. 2025 మే నెలలో ప్రకటింపబడిన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి ఏర్పఱచిన ఆసుపత్రులలో ఏడు దినములవఱకు, లక్షా ఏబదివేల రూపాయలకు మించకుండ, చేతిడబ్బు చెల్లింపనక్కఱలేని చికిత్స లభించును. కావున డబ్బు లేదని వెనుదీయరాదు.

10. మననము

చదివిన పిదప ఈ ప్రశ్నలకు ఇంటివారందఱు కలిసి సమాధానములు చెప్పుకొనవలెను.

(1) వెనుక మనిషి యెక్కినపుడు బండి ఆగుట ఎందుకు కష్టమగును?
(2) గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి ఆగుటకు ఎన్ని మీటర్లు పట్టును?
(3) హెల్మెటులోని నురుగుపొర ఏమి పని చేయును?
(4) మన ఇంటిలో ఎన్ని తలలు బండి యెక్కుచున్నవి? ఎన్ని హెల్మెట్లున్నవి?
(5) మన బండికి చక్రపు కప్పు, వెనుక పిడి ఉన్నవా?
(6) మూడేండ్ల బిడ్డను తీసికొనిపోవుటకు ఏయే ఏర్పాటులు కావలెను?
(7) తలకు దెబ్బ తగిలినవారిలో కనిపెట్టవలసిన గుర్తులేవి?

ఇక మొదట చెప్పిన దంపతుల సంగతి. ఆ భర్త ఈ పాఠము చదివినవాడైనచో ఏమి చేయును? తాళముచెవి అందుకొనకముందే, "అయ్యా, మేము ఇద్దఱము, రెండవ హెల్మెటు కూడ ఇయ్యుడు" అని దుకాణమువానిని అడుగును. లేదన్నచో మఱియొక దుకాణమునకు పోవును. లేదా ఆటో పిలుచును. భార్య పట్టీని తానే బిగించి, రెండు వ్రేళ్ళు దూర్చి చూచును. కొంగు దోపుకొమ్మని చెప్పి, ఆమె సరిగ కూర్చున్నదని తెలిసిన పిదపనే బండి కదల్చును. ఇంతకు పట్టు కాలము రెండు నిమిషములు. వైద్యుని చూడ వచ్చినవారు వైద్యుని చూచి, వచ్చినట్లే ఇద్దఱును యానాము చేరుదురు. ఈ పాఠము కోరునది అంతే.